నెలకి 500 కిలోమీటర్లకి కారు అవసరమా? కొత్తదా, పాతదా? తిట్టినా పర్లేదు, చెప్పండి

ఉప్పల్_నివాసి
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ వచ్చి చదివి పోవడమే, రాయడం ఇదే మొదలు. మాది తెనాలి. ఉప్పల్‌లో అద్దె ఫ్లాట్, ఆఫీసు రాయదుర్గంలో. మెట్రో ఎక్కితే నేరుగా దిగడమే కాబట్టి ఆఫీసుకి కారుతో పని లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక స్కూటర్. నలుగురం స్కూటర్ మీద పట్టని రోజులొచ్చాయి. పైగా మా నాన్నగారికి రెండు మోకాళ్ల ఆపరేషన్ అయింది, నెలకోసారి ఇక్కడికి చెకప్‌కి తీసుకురావాలి.

చేతిలో 3 లక్షలున్నాయి. కొత్తది కొంటే 5 లక్షలు లోను. మా ఆవిడ కొత్తదే అంటోంది, "పాత బండి అంటే ఎవరి పాపాలు ఏమున్నాయో" అని. నాన్న ఏమో "అప్పు చేసి ఇనుము కొంటావట్రా" అంటున్నారు. లెక్కేస్తే నెలకి 500 కి.మీ. కన్నా ఎక్కువ తిరగం. ఏం చేయమంటారు?

---

పల్లె_వెలుగు
శనివారం, రాత్రి 10:31

వద్దు. మీ నాన్నగారి మాటే నాదీ. క్యాబ్‌లో తిరుగు, ఊరికి రైల్లో వెళ్లు. పార్కింగ్ ఉందా ముందు? మా అపార్ట్‌మెంట్‌లో రెండు బళ్ల మధ్య దూరి డ్రైవర్ సీట్లోకి పక్క డోర్‌లోంచి పాక్కుంటూ వెళ్తున్నా రోజూ. అదో యోగాసనం.

---

లెక్కల_మాస్టారు
శనివారం, రాత్రి 11:05

అందరూ షోరూమ్ ధర చూస్తారు, కిలోమీటర్ ధర చూడరు. పెన్ను పట్టుకుని కూర్చున్నా, ఓపిగ్గా చదువు.

6.7 లక్షల ఎక్స్‌షోరూమ్ (ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలపక ముందు ధర) బండి అనుకుందాం. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య బండికి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే దగ్గర దగ్గర 94 వేలు. ఇన్సూరెన్స్ 35 వేలు వేసుకో. రోడ్డెక్కేసరికి 8 లక్షలు. ఎనిమిదేళ్లు వాడి రెండున్నరకి అమ్మావనుకో, ఏడాదికి తరుగు 68,750. లోను 5 లక్షలు, 9 శాతం, ఐదేళ్లు: నెలకి 10,379 కట్టాలి. మొత్తం వడ్డీ లక్షా 23 వేలు, ఎనిమిదేళ్ల మీద పరిస్తే ఏడాదికి 15 వేల పైచిలుకు. ఇన్సూరెన్స్ సగటున 17 వేలు, సర్వీసింగ్ 8 వేలు, టైర్లూ బ్యాటరీ కలిపి 4 వేలు. పెట్రోలు, నువ్వు చెప్పిన 6,000 కి.మీ.కి లీటరుకి 15 చొప్పున 400 లీటర్లు, లీటరు 107 వేస్తే 42,800.

అంతా కూడితే ఏడాదికి లక్షా 55 వేల పైన. కిలోమీటర్‌కి 26 రూపాయలు! అందులో పెట్రోలు వాటా 7 రూపాయలే. జనం ఆ 7 గురించి మైలేజీ మైలేజీ అని కొట్టుకుంటారు, మిగతా 19 రూపాయలు బండి కదలకపోయినా పోతూనే ఉంటాయి. ఇదే బండి ఏడాదికి 15,000 కి.మీ. తిప్పితే కిలోమీటర్‌కి 15కి దిగుతుంది.

ఇక పాతది. 4.3 లక్షలకి నాలుగేళ్ల బండి, అప్పు లేకుండా గట్టెక్కితే, ఆరేళ్లు వాడి లక్షన్నరకి అమ్మితే తరుగు ఏడాదికి 46,700. రిపేర్లకి 18 వేలు, టైర్లూ గట్రాకి 5 వేలు, ఇన్సూరెన్స్ 12 వేలు, పెట్రోలు అంతే. కిలోమీటర్‌కి దాదాపు 21. తేడా ఏడాదికి 30 వేలే. పాత బండి సగం ధరకే వస్తుంది గానీ సగం ఖర్చుతో నడవదు.

---

కొత్తపేట_కోడలు
ఆదివారం, ఉదయం 6:48

మాస్టారూ, మీ లెక్కకి దండం. కానీ ఒక పద్దు మర్చిపోయారు.

పోయిన ఏడాది మా అత్తయ్యకి రాత్రి రెండింటికి ఆయాసం వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి మూడు క్యాబ్‌లు క్యాన్సిల్. నాలుగో అతను ఫోన్ చేసి "ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా" అని అడుగుతున్నాడు, పక్కన ఆవిడ ఊపిరి అందక మంచం పట్టీ పట్టుకుని కూర్చున్నారు. చివరికి పై ఫ్లోర్ వాళ్లని లేపాం. మర్నాడే వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో చేరా. అప్పుడు నా వయసు 41. కిలోమీటర్‌కి 26 కాదు, 40 అయినా నాకు ఓకే. మా ఆయన టూర్‌లో ఉంటే కూరగాయలకి కూడా మరిదిని బతిమాలే పని తప్పింది, దానికెంత వేస్తారు?

తమ్ముడూ, ఇంకో మాట. మీ ఆవిడ నడుపుతుందా? ఆవిడా నడిపితేనే కొను. ఒక్కరే నడిపే ఇంట్లో బండి వారానికి ఆరు రోజులు కవరు కప్పుకుని నిద్రపోతుంది.

---

లెక్కల_మాస్టారు
ఆదివారం, ఉదయం 7:20

అక్కా, ఆ పద్దుకి నా దగ్గర గడి లేదు. ఒప్పుకుంటున్నా. అయితే అదే మాట చెప్పి జనం 8 లక్షల అవసరానికి 14 లక్షల బండి తెస్తారు. అత్యవసరానికి సన్‌రూఫ్ ఎందుకు?

---

పసుపుబోర్డు
ఆదివారం, ఉదయం 9:15

నేను 11 ఏండ్ల సంది క్యాబ్ నడుపుతున్న, నల్గొండ మాది. కొత్తపేట అక్కా, క్యాన్సిల్ చేసుడు తప్పే, కానీ రాత్రి పూట అవుతల నుంచి ఖాళీగా వస్తే మాకు డీజిల్ పైసలు సుత మిగలయి. గది పక్కన పెడుదాం.

అన్నా, పాతది కొనాలనుకుంటే ఒక్క ముచ్చట యాది పెట్టుకో. పసుపు బోర్డు (క్యాబ్ నంబర్ ప్లేట్) తీసి తెల్ల బోర్డు (సొంత బండిది) ఏసిన బండ్లు మార్కెట్ల చానా ఉన్నయి. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి మీటర్ల 60 వేలు చూపెడ్తరు. మీటర్ చూడకు, బ్రేక్ పెడల్ రబ్బరు చూడు. గీతలు అరిగి నున్నగ అయితే గది 60 వేల బండి కాదు. స్టీరింగ్ మీద కుడి చెయ్యి పెట్టే జాగ చూడు. క్యాబ్‌లకి స్పీడ్ దాటకుండ స్పీడ్ గవర్నర్ పెడ్తరు కదా, అది పీకినంక వైర్లకి టేప్ చుట్టి వదిలేస్తరు. బానెట్ కింద గా టేప్ దొరికితే చెప్పులు ఏసుకొని వచ్చెయ్.

---

ఆటోనగర్_బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 1:40

పసుపుబోర్డు తమ్ముడు చెప్పినవన్నీ కరెక్టే. బెజవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. ఒరేయ్ అబ్బాయ్, బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు. ముందే చెప్పు, "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని. ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే నువ్వు రాకముందే తిప్పి ఉంచారు, చల్లబండి స్టార్టింగులో చేసే చప్పుడు నీకు వినపడకుండా.

టైరు మీద చివరి నాలుగంకెలు చూడు. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. బండి 2021ది, టైర్లు 2021వి, మీటరు 35 వేలు అంటే కథ కుదిరింది. బండి 2021ది, మీటరు 30 వేలు, టైర్లు మాత్రం నాలుగూ 2024వి అన్నారనుకో, ముప్పై వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చాడో అడగాలి. అద్దాల మీద కూడా సంవత్సరం గుర్తుంటుంది. అన్నీ ఒకటై ముందద్దం ఒక్కటే వేరైతే రాయి తగిలిందా, బండే తగిలిందా అని ఆలోచించు. డోరు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి చూడు. కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా, గుండ్రంగా ఉంటాయి. మనోళ్లు వేసింది నాకు కనిపిస్తుంది, నువ్వు కూడా రెండు బళ్లు చూస్తే పట్టేస్తావు.

నాన్నగారిని తీసుకెళ్లి కూర్చోబెట్టు. మోకాళ్లు మార్చినోళ్లకి కిందకి దిగే సీటు నరకం. బ్రోచర్లో ఆ కొలత రాయరు.

---

సింగ్‌నగర్_కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 3:02

బాబాయ్ చెప్పని ఇంకోటి నేను చెప్తా, ఎందుకంటే నేను కాలినోడిని. 2024 సెప్టెంబర్‌లో బెజవాడలో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు నడుం దాటాయి. నా కారు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీశాక ఆత్రం ఆగక కీ తిప్పా. "టక్" అని ఒకే ఒక్క చప్పుడు. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఇంజిన్ పట్టేసింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి సీట్లు, వైరింగ్ ఇస్తాం, ఇంజిన్ ఇవ్వం అన్నాడు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ (పాలసీ మీద అదనంగా కట్టి తీసుకునేది) తీసుకోలేదు నేను. ఏడాదికి రెండు వేలు మిగులుద్దని వద్దన్నా. మునిగిన బండి స్టార్ట్ చేయకండి, తాళ్లు కట్టి లాగించుకోండి. అంతే.

నా బండి అయినకాడికి అమ్మేశా. తుడిచి, షాంపూ కొట్టి, ఎక్కడో ఎవరికో అమ్మే ఉంటారు. అందుకే చెప్తున్నా, సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి. బయటి భాగం కడుగుతారు గానీ లోపల చుట్టుకున్న భాగం ఎవరూ కడగరు.

---

ఉప్పల్_నివాసి
ఆదివారం, రాత్రి 9:30

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించా. సీటు బెల్టు దగ్గర "చూశారా, నే చెప్పలా" అంది. ఆవిడ లెర్నింగ్ లైసెన్స్‌కి స్లాట్ బుక్ చేశాం, కొత్తపేట అక్క పుణ్యమా అని.

రెండు డౌట్లు. ఎలక్ట్రిక్ సంగతేంటి? లోను ఏడేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ తగ్గుతుంది కదా?

---

లెక్కల_మాస్టారు
ఆదివారం, రాత్రి 9:52

ఏడేళ్లకి నెలకి 8,045. అంటే 2,300 తగ్గినట్టు కనిపిస్తుంది. వడ్డీ మాత్రం లక్షా 23 వేల నుంచి లక్షా 76 వేలకి ఎక్కుతుంది. పైగా బండి పాతదైపోయినా కిస్తీ కొత్తగానే ఉంటుంది. ఐదేళ్లలో తీర్చలేకపోతే అది నీ బండి కాదు, ఇంకొంచెం చిన్నది చూసుకో.

---

కరెంటు_బండి
ఆదివారం, రాత్రి 10:20

నా బండి కరెంటుదే, కాబట్టి పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బళ్లకి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. జీఎస్టీ 5 శాతమే. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే నాకు కిలోమీటర్‌కి రూపాయి పావలా పడుతోంది.

కానీ బ్రదర్, నీది అద్దె ఫ్లాట్. సెల్లార్‌లో మీటర్ నుంచి వైరు లాగాలంటే ఓనరు ఒప్పుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి. మా దగ్గర మూడు మీటింగ్‌లయ్యాయి, ఒకాయన "బండి పేలితే బిల్డింగ్ ఎవరు కట్టిస్తారు" అన్నాడు. ఆయన ఫ్లాట్‌లో రెండు గ్యాస్ సిలిండర్లున్నాయి! ఏడాదికి 6 వేలు తిరిగేవాడికి పెట్రోలులో మిగిలేది 35 వేలు. దానికోసం కొనేటప్పుడే రెండు మూడు లక్షలు ఎక్కువ పెట్టడం నీకు గిట్టదు. రోజూ 60 కి.మీ. తిరిగేవాళ్లు నన్ను అడగండి, వేరే పాట పాడతా.

---

డాలస్_అబ్బాయి
సోమవారం, ఉదయం 8:05

ఇక్కడ రాత్రి అయింది, నిద్ర పట్టక చదువుతున్నా. మా టెక్సస్‌లో బండి ధర మీద అమ్మకం పన్ను 6.25 శాతం, రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి. పదిహేనేళ్ల పన్ను ఒకేసారి గుంజే పద్ధతి లేదు. నేను దిగగానే కొన్నది పన్నెండేళ్ల కరోలా. ఎవడూ నవ్వలేదు, ఎవడూ అడగలేదు కూడా. మన దగ్గర కారు గుమ్మంలో ఏనుగు, ఇక్కడ కాలికి చెప్పు.

ఒక్క అలవాటు మాత్రం అక్కడివాళ్లు పట్టుకోవాలి. కొనేముందు అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కి డబ్బులిచ్చి చూపించండి. వెయ్యి, రెండు వేలు పోతాయని మనవాళ్లు బావమరిదిని తీసుకెళ్తారు. బావమరిది టైరుని కాలితో తంతాడు, "బాగుంది బావా" అంటాడు, బిర్యానీ తిని వస్తారు.

---

వేదిక_నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 11:00

మధ్యలో "మా కంపెనీ రేకు మందం, మీ కంపెనీ డబ్బా" అంటూ నడిచిన 23 పోస్టులు వేరే దారానికి తరలించాను. అక్కడ కొట్టుకోండి. క్రాష్ టెస్ట్ మీద చర్చ కావాలంటే మోడల్, టెస్ట్ చేసిన సంవత్సరం చెప్పి మాట్లాడండి. ఒకే కంపెనీలో ఒక బండికి 5 స్టార్లు, ఇంకోదానికి ఒకటి వచ్చిన సందర్భాలున్నాయి.

---

కడప_మామ
సోమవారం, మధ్యాహ్నం 12:25

కొత్తదే తీసుకుంటానంటే ఇది విను అబ్బాయా. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, మీద సెస్సు పోయింది. అంటే ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గాలి. 4 మీటర్ల లోపు పొడుగు, పెట్రోలైతే 1200 సీసీ లోపు. పాతది అమ్మేవాడు అంతకుముందు ధర చెప్తే, "కొత్తదే తగ్గింది, నీదెందుకు తగ్గదు?" అని అడుగు.

షోరూములో ఇన్సూరెన్స్ 46 వేలన్యాడు నాకు. బయట అదే కవరేజీ, జీరో డెప్‌తో (క్లెయిమ్‌లో పార్టుల తరుగు కోయకుండా ఇచ్చేది) 31 వేలకి వచ్చింది. "బయటది అయితే క్యాష్‌లెస్ కష్టం సార్" అని భయపెట్టినాడు. కాగితం మీద రాసీమన్యా. రాసీలేదు. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, ఒక సెంటు బుడ్డి కలిపి "ఎసెన్షియల్ కిట్" అని 18 వేలు, హ్యాండ్లింగ్ చార్జీలు 6,500. రెండూ కొట్టేయించినా. గమ్మునుంటే వేసేస్తారు, అడిగితే తీసేస్తారు.

ఇంగో కిటుకు. ఆషాడంలో ఎవురూ బండ్లు తీసుకోరు కదా, షోరూములు ఈగలు తోలుకుంటుంటాయి. అప్పుడు బేరమాడి అడ్వాన్సు కట్టి శ్రావణంలో తెచ్చుకో. దేవుడికీ కోపం రాదు, జేబుకీ రాదు. బండి తయారైన నెల మాత్రం చూసుకో, పోయినేడాది సరుకు అంటగడతారు.

---

పల్లె_వెలుగు
సోమవారం, మధ్యాహ్నం 12:40

నా వద్దు అన్న మాట ఎవరూ వినేలా లేరు కాబట్టి ఒక ఉపయోగపడే మాట. ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ ఉంది, 2025లో మొదలైనప్పుడు 3,000. ఏడాది లేదా 200 టోల్‌లు, ఏది ముందైతే అది. విజయవాడ దాకా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్‌లు, రానుపోను ఆరు. నెలకోసారి వెళ్తే ఏడాదికి 72. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఇది పనిచేయదు. సంక్రాంతికి పంతంగి దగ్గర మాత్రం ఏ పాసూ పనిచేయదు, పులిహోర కట్టుకుని బయల్దేరాలి.

---

లెక్కల_మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఆగండాగండి. ఉప్పల్ నుంచి తెనాలి రానుపోను దాదాపు 600. నెలకోసారి నాన్నగారిని తీసుకొచ్చి దింపడమంటే రెండు ట్రిప్పులు. నెలకి 500 అన్నావేంటి నువ్వు?

---

ఉప్పల్_నివాసి
సోమవారం, మధ్యాహ్నం 1:34

మాస్టారూ, దొరికిపోయా. ఆయన రైల్లోనే వస్తారనుకున్నా, సికింద్రాబాద్‌లో దిగితే అక్కడ్నుంచి కారు అని. కారుంటే రైలెక్కించను కదా, నాకే తెలుసు. ఆ ట్రిప్పులకే నెలకి 1,200 వేసుకోండి.

---

లెక్కల_మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 1:50

అందరూ ఇక్కడే తప్పుతారు. బండి లేనప్పటి తిరుగుడు చూసి బండికి లెక్కేస్తారు. బండి వచ్చాక తిరుగుడు రెట్టింపవుతుంది. కిలోమీటర్ ధర తగ్గుతుంది, సంతోషమే. జేబులోంచి పోయేది పెరుగుతుంది.

---

ఉప్పల్_నివాసి
(మూడు వారాల తర్వాత) ఆదివారం, రాత్రి 8:45

అప్‌డేట్. మొదట ఒక యార్డ్‌కి వెళ్లాం. 2021 బండి, 31 వేల కి.మీ., ధర 3.9. తళతళలాడుతోంది. లోపల అగరుబత్తి వాసన. నాలుగు టైర్లూ 2024వే. మా ఆవిడ వెనక సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలెట్టింది. అతను "మేడం, అది లాక్ అవుద్ది" అంటున్నాడు. మెల్లగా చివరిదాకా లాగింది. ఆఖరి జానెడు బట్ట మీద పసుప్పచ్చగా, ఎండిన మట్టి గీత. ముగ్గురం దాన్నే చూశాం. ఎవరం ఏం మాట్లాడలేదు. ఆవిడ బెల్టు వదిలింది, అది సర్రున లోపలికి పోయింది, మేం బయటికొచ్చాం. సింగ్‌నగర్ బ్రదర్, నీకు రుణపడి ఉన్నా.

తర్వాత నాగోల్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిది, ఎత్తు సీట్ల పెట్రోలు బండి, 38 వేల కి.మీ. టైర్లు 3421, అంటే బండితో పుట్టినవే. సర్వీసు బిల్లులు ఫైల్లో పంచ్ చేసి వరసగా పెట్టారు. 4.35 చెప్పారు. టైర్లు మార్చాలి, జీఎస్టీ తగ్గింది అని బేరమాడితే 4.10కి దిగారు. ఇండిపెండెంట్ మెకానిక్‌కి 1,500 ఇచ్చి చూపించా, బావమరిదిని తీసుకెళ్లలేదు. నాన్న లక్ష సర్దారు. "అప్పు చేయనంటే ఇస్తా" అన్నారు, షరతు.

నాన్నని కూర్చోబెట్టి చూశాం. వీపు సీటు వైపు పెట్టి ముందు కూర్చున్నారు, తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకున్నారు. రెండు మోకాళ్లూ పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు. "ఆటో కన్నా నయమేరా" అన్నారు. ఆయన నోట్లోంచి అంతకన్నా మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

---

ఆటోనగర్_బాబాయ్
ఆదివారం, రాత్రి 9:10

శుభం. కాగితాలు జాగ్రత్త. ఆర్‌సీ మీద బ్యాంకు పేరుంటే లోను తీరినా ఫారం 35 పెట్టి తీయించాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని నీ దగ్గర దాచుకోవడం కాదు, వెంటనే ట్రాన్స్‌ఫర్ చేయించు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) ఆయనదే, నీకు రాదు, ఆ తేడా కట్టాలి. పాత చలాన్లు చూశావా?

---

ఉప్పల్_నివాసి
ఆదివారం, రాత్రి 9:26

చూశా బాబాయ్. రెండున్నాయి, ఆయనే కట్టేశారు. కాగితాలన్నీ మొన్న స్లాట్‌లో ఇచ్చేశాం.

కానీ ఒక కొత్త సమస్య. బండి వచ్చి రెండో రోజే సెల్లార్‌లో ఎలుక దూరి అద్దం మీద నీళ్లు కొట్టే పైపు కొరికేసింది. వైర్లకి వెళ్లలేదు ఇంకా. నాఫ్తలీన్ ఉండలు పెట్టా, మర్నాడు అవి కింద దొర్లుతున్నాయి. ఏం చేయాలి?

---

పసుపుబోర్డు
ఆదివారం, రాత్రి 9:40

పొగాకు కాడలు పెట్టు అన్నా. రాత్రి బానెట్ తెరిచి పెట్టు, వెలుతురుంటే రాదు. బండ్ల చిప్స్ ప్యాకెట్లు ఉంటే తీసెయ్, పోరగాండ్లు తిని పడేస్తరు, దానికే వస్తది.

---

ఆటోనగర్_బాబాయ్
ఆదివారం, రాత్రి 9:48

కాడలు పల్చటి గుడ్డలో మూట కట్టి బ్యాటరీ పక్కన పెట్టు. సైలెన్సర్ గొట్టం దరిదాపుల్లో పెట్టకు, అంటుకుంటుంది. వారానికోసారి మార్చాలి, ఘాటు పోతుంది. మీ తెనాలి పక్కనే కదా పొగాకు, నాన్నగారిని అడుగు, వచ్చేప్పుడు తెస్తారు.

---

ఉప్పల్_నివాసి
ఆదివారం, రాత్రి 9:55

అడిగా. "కారు కొన్నది నన్ను తిప్పడానికా, నాచేత పొగాకు మోయించడానికా" అంటున్నారు. పైపు 180 రూపాయలైంది. మాస్టారూ, ఈ ఎలుక ఖర్చు ఏ పద్దులో రాయాలి?

---

లెక్కల_మాస్టారు
ఆదివారం, రాత్రి 10:01

ఇతరములు.